గోధుమ కోతల మూడు రోజులు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ తిట్టేది. పెర్త్ వచ్చి పదకొండేళ్ళయినా ఆ గుణం పోలేదు. ఆ గుణంతోనే ఒకసారి, నేనెన్నడూ చూడని ఒక ముసలాయన ప్రాణం మీదికి తెచ్చాను.

హారిస్‌డేల్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఒక చైల్డ్‌కేర్ సెంటర్‌లో పనిచేస్తాను. రెండేళ్ళ పిల్లల గదిలో నాతోపాటు ఇంకొకామె ఉంటుంది. ఆమె దేశంలో చాలా ఏళ్ళుగా అంతర్యుద్ధం నడుస్తోంది. ఏ దేశమో రాయనని ఆమెకు మాటిచ్చాను. నేను మాట ఇవ్వడమేమిటని ఆమె నవ్వుకునే ఉంటుంది.

ఆమె నాన్న రిటైరైన బడిపంతులు. వాళ్ళ ఊరికి ఇటువైపు ఒక సాయుధ దళం, అటువైపు దాని శత్రు దళం, మధ్యలో పొలాలు. గోధుమ పండి రాలిపోయే దశకొచ్చింది, కోద్దామంటే రెండు వైపుల నుంచీ తూటాలు. ఊరి పెద్దలు కాళ్ళరిగేలా తిరిగి రెండు దళాల స్థానిక నాయకులనూ ఒప్పించారు. మూడు రోజులు కాల్పులు ఆపుతారు, జనం కోతలు కోసుకుంటారు. కాగితం లేదు, సంతకం లేదు. హామీగా ఇటు పెద్దమనిషి ఒకరు అటు వెళ్ళాలి, అటు పెద్దమనిషి ఒకరు ఇటు రావాలి, ఆ మూడు రోజులూ అక్కడే తిని అక్కడే పడుకోవాలి. ఎవరు మాట తప్పినా ముందు పోయేది ఆ కూర్చున్న మనిషే. ఇటు నుంచి వెళ్ళింది ఆమె నాన్న.

కోతలు మొదలైన రోజు ఆ సంగతి చెప్పి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. మర్నాడు పొద్దున బ్రేక్‌లో నాకో ఫోటో పంపింది. నులకమంచం మీద టీ గ్లాసుతో వాళ్ళ నాన్న, ఆయన వెనక తుపాకులు భుజాన తగిలించుకునే గోధుమ పనలు మోస్తున్న ఇద్దరు మనుషులు. ఎవరికీ చూపించకు అంది. మేం మాట్లాడుకునేది ఇంగ్లిష్‌లోనే, ఆ మాట నాకు బాగానే అర్థమైంది.

కానీ నా దృష్టిలో ఎవరికీ అంటే వాళ్ళ దేశం వాళ్ళకు, పేపర్లవాళ్ళకు, మా మేనేజర్‌కు. మా ఏరియా తెలుగు వాట్సాప్ గ్రూప్ అందులోకి రాదు. అక్కడ ఉండేది కరివేపాకు మొక్కలు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు, ఇడ్లీపిండి ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్ళు. మనవాళ్ళే కదా! గుడ్ మార్నింగ్ గులాబీల మధ్య ఒక్క మంచి వార్త ఉంటే బావుంటుందనిపించింది. ఫోటో పెట్టి, ఊరి పేరుతో సహా కథంతా రాసి, ఫోన్ లాకర్‌లో పడేసి గదిలోకి వెళ్ళిపోయాను. పిల్లల దగ్గర ఫోన్లు ఉండకూడదు.

లంచ్‌లో ఆమె మిగతాది చెప్పింది. పైనున్న కమాండర్లకు ఈ ఒప్పందం సంగతి తెలియదట. తెలిస్తే కింది నాయకులను ద్రోహులంటారు, ఆ మచ్చ కడుక్కోవడానికి వాళ్ళు వెంటనే కాల్పులు మొదలుపెడతారు. "ఎవరో కుర్రాడు ఆ ఫోటో తీసి పంపినందుకే ఊళ్ళో ఉన్న మా అన్నయ్య వాణ్ణి తిట్టాడు. నీకొక్కదానికే పంపాను" అంది. అన్నం వదిలేసి లేచాను.

లాకర్ తెరిచి చూస్తే గ్రూప్ నిండా దండాలు, పూలు. కొడుకు దగ్గరకొచ్చి ఉంటున్న ఒక అంకుల్ దాన్ని ఫేస్‌బుక్‌లో కూడా పెట్టేశారు. గ్రూప్‌లో తీసేసి ఆయనకు ఫోన్ చేశాను.

"అంకుల్, ప్లీజ్ అండీ, ఆ పోస్ట్ డిలీట్ చెయ్యండి."

"ఎందుకమ్మా? పీస్ గురించే కదా, మంచి మెసేజ్. అప్పుడే ముప్పై లైకులొచ్చినయ్యి."

"అక్కడ ఒకాయన ప్రాణం పోతది అంకుల్!"

"ఎక్కడో ఉన్నోళ్ళు మన తెలుగు చదువుతారా ఏందమ్మా? సర్లే, నాకు తీయటం రాదు. కోడలు ఆఫీస్ నుంచి వచ్చినాక తీపిస్తా."

ఫోటో చూడటానికి తెలుగు రానక్కర్లేదని ఆయనకెలా చెప్పను! కడుపునొప్పని మేనేజర్‌కు అబద్ధమాడి కారులో వాళ్ళింటికి పరిగెత్తాను. ఆయన టీ తాగి వెళ్ళమంటుంటే, ఫోన్ లాక్కున్నంత పనిచేసి నేనే తీసేశాను. ఈలోపు దాన్ని ఎవరు దాచుకున్నారో, ఎవరికి పంపారో తెలుసుకునే దారి లేదు. కారులో కూర్చుని మా ఆయనకు ఫోన్ చేశాను.

"డిలీట్ చేసేశావుగా, ఇంక ఆమెకు చెప్పమాకు. ఫ్రెండ్‌షిప్ పోద్ది, అంతే" అన్నారు.

ఆ సలహా ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. కానీ ఆమె నాన్నా నాన్నే, మా నాన్నా నాన్నే అనిపించింది. సాయంత్రం ఆమె షిఫ్ట్ అయ్యే వేళకు మళ్ళీ సెంటర్‌కు వెళ్ళి, కార్ పార్క్‌లో చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిడితే బావుండేది.

"ఊరి పేరు కూడా రాశావా?" అని ఒక్కటే అడిగింది. రాశానన్నాను.

కారు తలుపు తెరిచిపెట్టుకుని కూర్చుని, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు లెక్కలు వేసింది. అన్నయ్యకు చెబితే అతను పెద్దల చెవిన వేస్తాడు, అది అటువైపుకు చేరి వాళ్ళు బెదిరిపోతే నాన్న వాళ్ళ చేతుల్లోనే ఉన్నారు. చెప్పకపోతే, ఏదైనా జరిగినప్పుడు ఎవరూ జాగ్రత్తపడి ఉండరు. ఫోన్‌లో అన్నయ్య నంబర్ తీసింది, చివరికి బ్యాగ్‌లో పెట్టేసింది.

"చెప్పను. నువ్వు కూడా ఇంకెవరికీ చెప్పకు" అంది.

ఆ రెండు రోజులూ గంటకోసారి ఏదో వంకతో లాకర్ల దగ్గరికి వెళ్ళేదాన్ని. వార్తల్లో ఆ ఊరి పేరు వెతికి, ఏమీ రాకపోతే ఊపిరి పీల్చుకుని, ఇంకా రాలేదేమోనని మళ్ళీ భయపడేదాన్ని. ఆమె డైపర్లు మారుస్తుంటే ముఖంలోకి చూసే ధైర్యం లేకపోయింది. ఎవరో చిన్నది బ్లాకులు దబ్బున పడేస్తే ఇద్దరం ఒకేసారి ఉలిక్కిపడ్డాం.

కోతలు ముగిసిన మర్నాడు మధ్యాహ్నం ఆమె బ్రేక్ నుంచి వచ్చి, "నాన్న ఇంటికొచ్చేశారు" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే కావలించుకుని ఏడ్చేశాను. ఆమె నా వీపు నిమిరింది, నేనే ఏదో పోగొట్టుకున్నట్టు.

విత్తనాల కాలంలో అక్కడ మళ్ళీ మూడు రోజులు కాల్పులు ఆపారట. మళ్ళీ ఆమె నాన్నే వెళ్ళి కూర్చున్నారట. అంతా ముగిసిన రెండు వారాలకు, మా కిచెన్‌లో వండే ఆమె చెబితే నాకు తెలిసింది. ఆ మూడు రోజులూ ఆమె మా గదిలో నా పక్కనే పనిచేసింది. నాతో మామూలుగా నవ్వింది, మా ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని కూడా అడిగింది.