సారు పేరు చెరిపినవాళ్లు చదవని వాక్యం

ఉప్పల్ మెట్రో మెట్లు దిగుతుండగా దోస్తు ఫోన్ చేశాడు. "సారు పోయిన్రురా."

చిల్కానగర్‌లో మాకు కంప్యూటర్ నేర్పిన సారు. పాత డీటీపీ ఫాంట్లలోని తెలుగును ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రామ్‌ను ఏళ్ల తరబడి రాసి, కోడ్‌తో సహా అందరికీ ఉచితంగా ఇచ్చారు. షరతు ఒక్కటే: వాడుకోండి, మార్చుకోండి, కోడ్ మొదట్లో రాసిన, సాయం చేసినవాళ్ల పేర్లు మాత్రం తీయకండి.

ఆ పేర్లలో ఆయనది చివర ఉండేది. ఎవరి కోడ్ తీసుకుంటే వాళ్లది ముందు. ఫోరంలో ఎవరో ఊరూ పేరూ లేకుండా జవాబిస్తే "పేరు తెలియని మిత్రుడు" అని రాశారు. అక్షరం పక్కన సున్నా తప్పుగా వస్తుంటే నేను సరిచేసినందుకు నా పేరూ చేర్చారు.

"సున్నాకే పేరా సార్?"

"నువ్వు జూడకపోతే తప్పుగనే ఉండు గదరా. తీస్కున్నది చెప్పుకుంటే మన ఇజ్జత్ ఏం తగ్గది."

నాచారంలోని ఒక కంపెనీ ఆ ప్రోగ్రామ్ తీసుకుని, పేర్లన్నీ చెరిపి, తన యాప్ అని అమ్ముకుంటోంది. పేర్లు తిరిగి పెట్టమని సారు మెయిళ్లు రాశారు. జవాబు లేదు. గేటుకు పోస్టర్లు అంటిస్తానంటే నన్నే ఆపారు. "పెడ్తరు తియ్‌రా, జర ఆగు." నేను ఆగాను. ఆయనే ఆగలేదు.

సంతాప సభకు ఆ కంపెనీ యజమాని పెద్ద దండతో వచ్చి, నేరుగా మైకు అందుకున్నాడు. "సారు మాకు స్ఫూర్తి" అన్నాడు. నా ఒళ్లు మండింది.

"స్ఫూర్తి గాదు, మీరు అమ్మేదే సారు రాసింది. పేరెందుకు తీసేసిన్రు?"

"సావు కాడ లొల్లేంది తమ్మీ? సాక్ష్యం ఉన్నదా?"

సారు భార్య తలెత్తింది. "మాట్లాడనియ్యున్రి. ఆయన గిదే అడుక్కుంట పోయిండు."

నా ఫోన్‌లో అదే కంపెనీ యాప్ తెరిచి, అందులో ఏమీ రాయని ఫైల్ వేశాను. తెర మీద వచ్చింది గట్టిగా చదివాను: "చిల్కానగర్ల కరెంట్ పోయింది. జర ఆగున్రి."

క్లాసులో కరెంట్ పోయినప్పుడల్లా సారు అనే మాట. ఖాళీ ఫైల్ వస్తే కనబడాలని సరదాకు కోడ్‌లో పెట్టారు. దొంగిలించిన సొత్తును చదవడానికి కూడా బద్ధకమే వీళ్లకు!

వెనక వరుసలో ఎవరో పక్కున నవ్వి, అంతలోనే ఏడ్చేశారు. యజమాని ముఖం మాడిపోతుంటే నా కడుపు చల్లబడింది. సారు ఉంటే తిట్టేవారు. ఆ తిట్టు వినడానికైనా ఉండాల్సింది. ఆ పేరు తెలియని మిత్రుడితో సహా అందరి పేర్లూ తిరిగి పెట్టేదాకా వాళ్ల గేటు వదలను. ఈసారి నన్ను ఆగమనేవారు లేరు.

ఫోన్ చేతులు మారుతూ యజమాని దగ్గరికి చేరింది. ఫోటోకు వేయలేకపోయిన దండ ఒక చేతిలో వేలాడుతోంది. రెండో చేతిలో సారు మాట వెలుగుతోంది.