మామిడి దూలం మాట

పుత్తూరు దగ్గర మా ఊరి ప్రార్థన మందిరంలో కప్పును మోసే పెద్ద దూలం మామిడిది. కట్టేటప్పుడు వడ్రంగి వేపమాను చూడమంటే మా తాత వినలేదు. దేవునికిచ్చేది మేలైనదే కావాలని, తోటలో బాగా కాసే చెట్టునే కొట్టించి ఇచ్చాడు. తాత ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాక, అవ్వ ప్రతి ఆదివారం సరిగ్గా ఆ దూలం కిందే చాప వేసుకునేది. అది తీసి ఇనుప గొట్టం వేద్దామని ఎవరన్నా అంటే, "నేను పొయినాక ఏసుకోండి" అని మాట తుంచేసేది. చాప మీద సన్నటి పొడి రాలి ఉంటే మాత్రం ఊడ్చేవాళ్ళను తిట్టేది.

ఆ పొడి సంగతి తేల్చింది ఒక గ్రీకు ద్రష్ట.

శనివారం సాయంత్రాలు నేను సండేస్కూలు పిల్లలకు పాఠం చెప్తాను. ఆ రోజు పాఠం, ప్రవక్తతో గాడిద మాట్లాడిన ఘట్టం. పిల్లలు నవ్వు ఆపకపోతే, గ్రీకుల పురాణాల్లోనూ ఇట్లాంటి సంగతి ఉందని చెప్పాను. ఆ ద్రష్ట పేరు మాకెవరికీ నోరు తిరగలేదు. పాముపిల్లలు చెవులు నాకితే ఆయనకు జంతువుల మాట, పురుగుల మాట అర్థమయ్యేదట. చెరసాలలో ఉన్నప్పుడు, పైన దూలం దాదాపు తినేశామని పురుగులు చెప్పుకోవడం విని, తనను వేరే గదికి మార్చమన్నాడట. మార్చిన కాసేపటికే కప్పు కూలిందట.

మూల కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న అవ్వ చెయ్యి ఆగింది.

"ఆయప్పకు మన దేవుడు తెలుసునా పాపా?"

"తెలీదవ్వా. ఏసుప్రభువు పుట్టకముందు కత అది."

"పాపం" అని మళ్ళీ కాయ అందుకుంది.

మరుసటి వారం కోతపండుగ. ఆ రోజు మేం తెచ్చిన అరటిగెలలు, గుమ్మడికాయలు అన్నీ ఆ దూలానికే వేలాడదీస్తాం. పొద్దున్నే మగవాళ్ళు మొదటి గెల ఎత్తుతుంటే అవ్వ అడ్డం నిలబడింది.

"రోంతసేపు అందరూ గమ్మునుండండి."

దూలం కింది గుంజకు చెవి ఆనించింది. నేనూ ఆనించాను. పైనుంచి కరకరమని సన్నటి చప్పుడు.

"ఏమంటాండాయత్తా పురుగులు?" అన్నాడు మా మామ. ఆయన అవ్వకు అల్లుడు, మా సంఘపెద్ద కూడా.

"ఈతూరి గెలలు మొయ్యలేమంటాండాయి. మాటలు సాలుగానీ, ఎక్కి సూడు అల్లుడా."

మామ నిచ్చెనెక్కి కొడవలి మొన గుచ్చాడు. మాగిన బొప్పాయిలోకి దిగినట్టు దిగింది. బొక్కెడు పొడి ఆయన మీసాల మీద పడింది.

"ఎముకలిరిగినోళ్ళకు కట్టినట్టు దీనికీ పుత్తూరు కట్టు కట్టిస్తామా అత్తా?"

"ముందు నీ నోటికి కట్టించుకో."

అందరం నవ్వాం. కానీ తాత ఇచ్చిన దూలాన్ని దింపమని అవ్వే చెప్పాలి. ఆమె పైకి చూసి, గుంజను అరచేత్తో ఒకసారి నిమిరింది.

"దింపేయండి. ఆయన మంచి చెట్టే ఇచ్చినాడు. పురుగులకూ అదే నచ్చిండాది."

ఆ రోజు ఆరాధన బయట షామియానా కింద జరిగింది. దూలాన్ని మెల్లగా దింపి, ముక్కలు కొట్టి, ఆ పై వారం సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకు పొయ్యిల్లో పెట్టాం. మొదటి ముక్క అవ్వే పెట్టింది. అన్నానికి ముందు ప్రార్థన కూడా ఆమే చేసింది. పాస్టరుగారిని, కొత్త ఇనుప గొట్టాన్ని, మామ మీసాలను ప్రభువుకు అప్పగించి, చివర్లో అంది:

"ఆ నోరు తిరగని పేరాయన్ను గూడా నువ్వే సూసుకో నాయనా."

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.