ఏ దిక్కుకు?

ఇప్పటికీ సాయంత్రం వేళ ఇనుప గేటు గడియ చప్పుడు వింటే నా చేతిలో పని ఆగిపోతుంది. వచ్చినది కొరియరు అబ్బాయి అని తెలిసిన తరువాత కూడా గుండె వెంటనే కుదుటపడదు. ఆ చప్పుడు నన్ను గుణదలలో సుగుణమ్మ టీచరు గారి ఇంటి మేడమెట్ల మీద నిలబెడుతుంది.

మాది ఉయ్యూరు దగ్గర పల్లె. నాన్న చెరుకు నరికే కూలీ. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. విజయవాడలో కాలేజీకి వచ్చినప్పుడు ఏ ఇంటి గడప దగ్గర నిలబడినా "మీరేవిట్లు?" అని కులం అడిగే ప్రశ్నే ముందు ఎదురయ్యేది. రిటైరైన తెలుగు టీచరు సుగుణమ్మ గారు మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "నిద్దట్లో నడిచే అలవాటేమైనా ఉందా అమ్మాయ్? మేడమెట్లకి రెయిలింగు లేదు," అన్నారు. నాకు గది దొరికింది.

ఆవిడ పుట్టింది బర్మాలోని రంగూన్‌లో. ఆరేళ్ళ వయసులో, అక్కడ బతకనివ్వని పరిస్థితి వచ్చి, కుటుంబమంతా ఓడెక్కి వచ్చేసింది. నేను ఫైనలియరులో ఉండగా ఆవిడ పెరటి గదిని ఇద్దరు భార్యాభర్తలకు ఇచ్చారు. బర్మాలో వాళ్ళ ఊరు తగలబడితే ప్రాణాలతో బయటపడి వచ్చినవాళ్ళు. కరీం భవనాల దగ్గర ఇనుప చువ్వలు వంచే పని చేసేవాడు. నూర్ నిండు గర్భిణి. టీచరు గారికి మిగిలిన బర్మా మాటలన్నీ ఆరేళ్ళ పిల్ల మాటలే కావడంతో, ఆవిడ నోరు విప్పితే చాలు, నూర్ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. పెరట్లో ఎవరో విదేశీయులు దాక్కున్నారని వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. నూర్ బట్టలు బయట ఆరవేయడం మానేసింది. కరీం పనికి వెళ్ళి వచ్చేవరకు ఆమె కిటికీ రెక్క సందులోంచి వీధినే చూస్తూ ఉండేది. ఒక సాయంత్రం గేటు గడియ గట్టిగా కదిలింది. నేను తలుపు తీసి మేడమెట్ల మీదికి వచ్చి చూస్తే వీధి నిండా మనుషులు. ముందు నిలబడిన శ్రీను కాలనీ సంఘం సెక్రటరీ. టీచరు గారి పూర్వ విద్యార్థి.

ఆవిడ గేటు తెరిచి, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, సరిగ్గా దారికి అడ్డంగా వేసుకుని కూర్చున్నారు.

"మీకు తెలీదండీ టీచరు గారూ. రేపు ఏదన్నా జరిగితే బాధ్యత ఎవరిదండీ? ఇప్పుడే ఖాళీ చేయించండి," అన్నాడు శ్రీను.

"శ్రీనూ, కాందిశీకుడంటే ఏంట్రా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "ఇప్పుడు కూడా పరీక్షేనాండీ? ఊరొదిలి పారిపోయొచ్చినోడండీ," అన్నాడు శ్రీను.

"సగం మార్కులే. కాం దిశం. ఏ దిక్కుకు పోవాలి అని దిక్కులు చూసేవాడు. ఓడ దిగాక మమ్మల్ని అందరూ ఆ పేరుతోనే పిలిచారు. పిలిచి ఊరుకోలేదురా. గవర్నమెంటు స్థలం ఇచ్చింది, నాకు బళ్ళో సీటిచ్చింది. ఆ సీటు వల్లే కదా నీకు అక్షరాలు దిద్దించాను." ఆవిడ పెరటి గది వైపు చెయ్యి చూపించారు. "ఆ పిల్లకి నెలలు నిండాయి. సరే, పంపించేస్తాను. ఏ దిక్కుకో నువ్వు చెప్పు."

"నన్నడుగుతారేంటండీ?"

"పొమ్మంటోంది నువ్వు కదా."

ఎవరో గేటును కాలితో తన్నారు. గడియ మోగింది. ఆవిడ లేవలేదు. శ్రీను వీధి ఈ చివరకు, ఆ చివరకు చూశాడు. రేపు మళ్ళీ వస్తామని నేలచూపులు చూస్తూ చెప్పి, అందరినీ తీసుకుని వెళ్ళిపోయాడు.

నేను చెయ్యి అందిస్తే కానీ టీచరు గారు లేవలేకపోయారు. మోకాళ్ళు పట్టు తప్పాయి. "భయమేసిందమ్మా," అన్నారు. "వాడు ఏదో ఒక దిక్కు చెప్పేస్తే ఏం చేసేదాన్ని?"

వాళ్ళు మళ్ళీ వస్తారేమోనని ఆ తరువాత రోజూ సాయంత్రం ఆ కుర్చీ గేటులోనే ఉండేది. నూర్‌కు సర్కారు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. కానీ గడియ కదిలిన ప్రతిసారీ ఆ తల్లి బిడ్డ నోరు అరచేత్తో మూసేది. ఒక ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి గది ఊడ్చి, శుభ్రంగా ఖాళీ చేసి ఉంది. ఏ దిక్కుకు వెళ్ళారో మాకు ఈనాటికీ తెలియదు.

టీచరు గారు ఇప్పుడు లేరు. నేను లాయరునయ్యాను. ప్రాణభయంతో వచ్చినవారికి చోటివ్వవలసింది చట్టం; ఆ భారం ఒక ముసలావిడ మోకాళ్ళ మీద పడకూడదు. కోర్టులోనూ, సభల్లోనూ ఈ మాటే చెబుతున్నాను. అటువంటి చట్టం ఇంకా రాలేదు. ఆవిడ కుర్చీ మాత్రం మా వరండాలో ఉంది. గడియ చప్పుడైతే ఇప్పటికీ ముందు భయపడతాను. తరువాత లేచి, గేటు దగ్గరకు వెళుతూ, ఆ కుర్చీని కూడా వెంట తీసుకువెళతాను.