చెయ్యి ముందా, కన్ను ముందా

ఉత్తర విస్కాన్సిన్‌లోని ఆ ఊళ్లో కొత్తగా వేటకు లైసెన్సు కావాలంటే ముందు ఆర్లిస్ టెస్మర్ చేత సై అనిపించుకోవాలి. బడిలో వంట చేసి రిటైరైన మనిషి. ఏటా చలి మొదలయ్యే ముందు ఫైర్‌స్టేషన్ హాల్లో కొత్తవాళ్లకు తుపాకి జాగ్రత్తలు నేర్పుతుంది, జీతం భత్యం లేకుండా. ఎవరి గురి ఎంత గొప్పదన్నది ఆవిడకు పట్టదు. చేతులు చూస్తుంది. పొదలో ఏదో కదిలితే, అదేమిటో తెలియకముందే చెయ్యి ఎందుకు లేస్తుంది? ఇన్నేళ్లుగా ఆవిడ బుర్రను తొలుస్తున్న ప్రశ్న అదే.

అంతకన్నా తొలిచేది ఇంట్లోనే ఉంది. మొగుడు వెర్లిన్ ఆ క్లాసు గడప తొక్కలేదు. పాతకాలంలో పుట్టినవాళ్లకు చట్టమే మినహాయింపు ఇచ్చింది మరి. ఆయనతో అడవికి వెళ్లిన ప్రతిసారీ ఆవిడ గుండె దడదడలాడుతుంది. ఒక్కసారి కూర్చోబెడితే చాలునని ఆశ. అడిగితే, "నువ్వు గరిటె పట్టకముందే నేను తుపాకి పట్టానే," అని కొట్టిపారేసేవాడు.

ఈ ఏడు మాత్రం పరీక్షరోజు సాయానికి ఒప్పుకున్నాడు. తన బండిలో ముందే అడవికి వెళ్లి, జింకలా కనబడేలా గోధుమరంగు కోటు వేసుకుని, చెట్ల వెనక కూర్చుని కొమ్మలు కదపాలి. అంతే పని.

జానెల్ అనే నర్సు వంతు వచ్చింది. చేతిలో పేలని తుపాకి, దాని మీద బిగించిన దుర్భిణి. మెడలో ఇంకో దుర్భిణి. దూరాన కొమ్మలు కదిలాయి. గోధుమరంగు ఏదో మెదిలింది.

"ఏంటది?" అని అడిగింది ఆర్లిస్.

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. దుర్భిణి ఎలాగూ ఉంది కదా అని తుపాకినే కంటికి ఎత్తుతారు. అవతల ఉన్నది మనిషైతే గొట్టం తిన్నగా అతని గుండె మీదే ఉంటుంది. జానెల్ వేళ్లు బిగిశాయి, మళ్లీ వదులయ్యాయి. తుపాకి నేలవైపే ఉంచి మెడలోది ఎత్తి చూసింది.

"సరిగ్గా కనబడట్లేదండీ. ఏంటో తెలీదు."

"తెలీకపోతే?"

"ఏం చెయ్యను. ఊరికే నించుంటా."

"పాసయ్యావు పో!" ఆర్లిస్ మురిసిపోయింది.

వెర్లిన్ కోటుకంటిన ఆకులు దులుపుకుంటూ వచ్చాడు. "శభాష్ అమ్మాయ్! పెదవి కొరుక్కుంటూ భలే ఆలోచించావు."

"అంత దూరం నుంచి పెదవి ఎలా కనబడింది?" అంది ఆర్లిస్.

"ఇదుందిగా, టీచరమ్మా," అంటూ భుజాన వేలాడుతున్న సొంత తుపాకి మీది దుర్భిణిని తట్టాడు. దారిలో నక్క ఎదురైతే పనికొస్తుందని తుపాకి తెచ్చుకున్నాడట.

జానెల్ చెయ్యి గుండె మీదికి వెళ్లింది.

"ఖాళీదేలేవే, అట్లా చూడకు," అన్నాడు వెర్లిన్ పెళ్లాంతో. తుపాకి నేలకు వంచి బోల్టు వెనక్కి లాగాడు. ఇత్తడి తూటా ఒకటి ఎగిరి ఆకుల్లో పడింది.

ఆర్లిస్ అడగకుండా ఉండలేకపోయింది.

"ఎప్పుడు ఎత్తావు వెర్లిన్?"

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. "ఏమోనే. ఎత్తినట్టే గుర్తులేదు." తర్వాత గొంతు తగ్గించి, "నన్ను క్లాసులో కూర్చోనిస్తావా?" అన్నాడు.

ఎన్నేళ్లుగానో ఆవిడ ఎదురుచూసిన మాట. విన్నాక సంతోషం కలగలేదు. ముందు ఆయన చేతిలోంచి తుపాకి తీసుకుంది.