తాడు పట్టేవాడి కోసం

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నేను రాసిన మొదటి పుస్తకం మా గుంటూరు వైపు మిరపకోతలకు వచ్చే చెంచుల గురించి. ఏళ్ల తరబడి ఒకే చేలో, పక్కపక్క సాళ్లలో వంగి కాయలు కోసినవాళ్లం. అది చదివిన ఒకమ్మాయి సినిమా తీస్తానని వచ్చింది. అందులో కథ ఉండదట, ఎవరూ ఏమీ వివరించరట. నేను నల్లమలలో వాళ్ల గూడేనికి వెళ్లి, రాసింది వాళ్లకే చదివి వినిపించాలి. కెమెరా చూస్తూ కూర్చుంటుంది.

చదివాను. కోతలప్పుడు నేను పాడే పాటలు వాళ్లకు అసలు నచ్చేవి కావని ఆ రోజే తెలిసింది.

చివరి రోజు కొండచరియ మీది తేనెపట్టు తీయడం చూపించాలి. మధ్యాహ్నానికల్లా అద్దె కెమెరా వెనక్కి పంపాలి. తేనె తీసే మనిషి తాడు భుజాన వేసుకుని వచ్చి చరియ అంచున కూర్చుండిపోయాడు. పైన తాడు పట్టాల్సిన బావమరిది మిరపకోతకు మా వైపే వెళ్లి, ఇంకా తిరిగి రాలేదు. బస్సెక్కానని ఫోన్ మాత్రం చేశాడు. కెమెరామన్ తాను పడతానన్నాడు. దిట్టంగా ఉన్నాడు కూడా.

“మంచోడేలే అక్కా. కానీ నేను జారితే ఆయనకేం పోద్ది? మా బామ్మర్దికైతే తోడబుట్టిన అక్క బతుకు పోద్ది” అన్నాడా మనిషి నాతో. పక్కనున్న భార్య, తమ్ముడు రాందే దిగనిచ్చేది లేదంది.

అమ్మాయి నన్ను పక్కకు పిలిచింది. ఆ దృశ్యం లేకపోతే సినిమాయే లేదని ఆమె దిగులు.

“మీరు చెబితే వింటారు పెద్దమ్మా.”

“నా మొగుడైతే నేనూ దిగనివ్వనమ్మా” అన్నాను.

ఆమె కెమెరాను చుట్టగా పడున్న తాడు వైపు తిప్పించింది. తాడు మీద చీమలు, పక్కన మేము, మార్కాపురం దగ్గర బస్సు ఆగిపోయిందేమోనన్న మా కబుర్లు. అంతే తీసింది. మధ్యాహ్నం జీపులో కెమెరా వెళ్లిపోయింది. అమ్మాయి నాతో ఉండిపోయింది.

పొద్దు వాలుతుండగా బావమరిది వచ్చాడు. మిరప ఘాటు పోయేలా చేతులు మట్టితో రుద్ది కడుక్కుని తాడు అందుకున్నాడు. బావ దిగి పైకి వచ్చేదాకా అమ్మాయి నా మోచెయ్యి వదల్లేదు.

మొన్న గుంటూరులో ఆ సినిమా వేశారు. అయిపోయాక ఒకాయన లేచి, ఇంతకీ తేనె ఏదండీ అని అడిగాడు. అమ్మాయి నావైపు చూసింది.

“తినేశామండీ” అన్నాను.