నాయన్ని కాల్చేస్తారనుకున్న రోజు

పంచాయతీ ఆఫీసులో స్టాంపు ప్యాడు సిరా వాసన తగిలితే నాకిప్పటికీ గుండె దడే.

నా చిన్నప్పుడు, మిలిటరీలో ఉన్న నాయన ఇంటికి డబ్బు పంపడం మానేసినాడు. అమ్మ నన్ను తీసుకుని వాకాడులో ఉండే, మిలిటరీలో సుబేదారుగా చేసి రిటైరైన ఒక తాత దగ్గరికి పోయింది. ఆయన, డబ్బు పంపడం లేదని మా నాయన పైఆఫీసరుకి అర్జీ రాసి, "వేలిముద్ర వెయ్యమ్మా" అన్నాడు.

తప్పు చేసిన సిపాయిని నిలబెట్టి కాల్చేస్తారని నాకు తెలుసు. బళ్లోకంటే సినిమాల్లో ఎక్కువ నేర్చుకున్నోణ్ణి. సిరా అంటిన అమ్మ బొటనవేలు రెండు చేతుల్తో పట్టేసుకున్నా.

"వదలరా, సచ్చినోడా!"

"వదల్ను. నాయన్ని కాల్చేస్తారు!"

తాత నవ్వలేదు. "కాల్చర్రా అబ్బయ్యా. జీతంలోంచి మీ కూటికి ఇప్పిస్తారు, అంతే."

అప్పుడు వదిలినా.

కొన్నాళ్లకి డబ్బు రావడం మొదలైంది. నేనంత పెనుగులాడి ప్రాణం కాపాడిన మనిషి మాత్రం, నన్ను చూడ్డానికి ఒక్కసారీ రాలేదు.