ఎదురుగా మనిషి ఉండగా

"సారు పొద్దున్నే పోయినారమ్మా" అని పుంగనూరు నుంచి ఫోను వచ్చేసరికి నేను మదనపల్లె బస్టాండులో ఉన్నాను, ఆయన్ను చూడటానికే బయలుదేరి. బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాను. కండక్టరు కూర్చోమంటే విసుక్కున్నాను కూడా.

ఆయన మా స్కూల్లో డ్రిల్లు సారు. చెప్పులు విడిచి మాతోపాటే పరుగెత్తేవారు. ఆటలో ఓడినా తిట్టని మనిషికి ఒక్కదానికే ఒళ్లు మండేది, ఎవరైనా ఎదుటివాళ్ల వైపు కాళ్లు చాపితే. "కాళ్లు ముడుసుకోండప్పా, ఎదురుగా మనిషుండాడు" అని విజిల్ ఊదేవారు.

రిటైరయ్యాక ఎడమ మడమ కింద నల్లమచ్చ పెరిగింది. ముల్లు లోపలే విరిగి ఉంటుందని అందరం అనుకున్నాం. అది క్యాన్సరని తేలేలోగా గజ్జల్లో బిళ్ళలు కట్టాయి. కుప్పంలో ఆపరేషన్ చేసి మచ్చతోపాటు గజ్జల్లోవీ, పొత్తికడుపు లోపలివీ బిళ్ళలన్నీ తీసేశారు. ఇక నీరు పైకి పోయే దారి లేక కాల్లోనే చేరి వాస్తుందనీ, కూర్చున్నప్పుడల్లా కాలు ఎత్తులో పెట్టుకోవాలనీ డాక్టరు మరీ మరీ చెప్పారు.

చెప్పారు సరే, వినేదెవరు? పలకరించడానికి రోజూ జనం. గుమ్మంలో మనిషి కనిపిస్తే చాలు, సారు కాలు దింపేసేవారు. వచ్చినవాళ్లు కాఫీ తాగి, ధైర్యం చెప్పి లేచేసరికి ఆ కాలు బిగిసి మెరుస్తూ ఉండేది. ఒకసారి ఎర్రబారి, చలిజ్వరం వచ్చి మళ్లీ కుప్పం పరుగెత్తారు. మేం ప్రేమగా వెళ్లి ఆయన్ను అంత బాధపెట్టామే అని తలుచుకుంటే ఇప్పటికీ నాకు స్థిమితం ఉండదు.

చివరికి అమ్మ, సారు భార్యను మేమలాగే పిలుస్తాం, కుర్చీని గోడవైపు తిప్పేసి ముందు స్టూలు వేసి దిండు పెట్టింది. "వచ్చినోళ్లు ఎనకాల కూర్చోండి. మీ సారు గోడకు కాళ్లు సాపుకుంటాడు" అంది.

"గోడకు మర్యాద లేదా?" అని సారు నవ్వారు గానీ కాలు దించలేదు.

అప్పట్నుంచి మేం ఆయన వీపుతో మాట్లాడేవాళ్లం. "నువ్వేనా? రోజూ నడస్తాండావా?" అని మెడ తిప్పి అడిగేవారు. నడుస్తున్నానని అబద్ధం చెప్పేదాన్ని. వాపు దిగింది, గేటు దాకా నడిచారు కూడా. రోగం మాత్రం ఊపిరితిత్తులకు పాకింది.

ఆ రోజు బస్సు దిగి నేను వెళ్లేసరికి ఆయన్ను వరండాలో పడుకోబెట్టారు. ఎవరివైపూ కాళ్లు చాపని మనిషి, వచ్చేవాళ్ల వైపే కాళ్లు చాపుకుని ఉన్నారు. ఒక్కొక్కరే వంగి ఆ పాదాలు తాకుతున్నారు. అమ్మ లోపలికెళ్లి దిండు తెచ్చింది. ఎడమ కాలు మెల్లగా ఎత్తి దాని కింద పెట్టింది. ఎవరో వద్దనబోయారు.

"ఉండనీప్పా" అంది. "ఈపొద్దు జనం శానా వస్తారు."